ఆటగాడు దర్శకుడైనప్పుడు: వేదాంతం రాఘవయ్య కృషి

ఒక కళాకారుడు ఆడి, అభినయించి, కవులతో కలిసి పనిచేసి, చివరకు చలనచిత్ర దర్శకుడైతే మనవాళ్ళు వెంటనే ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అన్న బిరుదు తగిలించి చేతులు దులుపుకొంటారు. ఆ మాటతో విమర్శ ముగిసిపోతుంది. ఏ సమాజంలో, ఏ వృత్తిలో, ఏ అవసరం కొద్దీ ఒక మనిషికి అన్ని ముఖాలు వచ్చాయి అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. వేదాంతం రాఘవయ్యను గురించి మనం ఇంతవరకు చెప్పుకొన్నది చాలావరకు బిరుదుల వరుసే: కూచిపూడిలో 1919లో పుట్టిన నర్తకుడు, చిత్రాలకు నృత్య దర్శకుడు, అప్పుడప్పుడు నటుడు, ‘దేవదాసు’ దర్శకుడు, 1971లో కీర్తిశేషుడు. ఈ వరుసలో ఒక అంశానికీ మరొక అంశానికీ మధ్య ఉన్న సంబంధం ఎక్కడా కనబడదు. ఆ సంబంధాన్ని వెదకడానికే ఈ వ్యాసం.

మొదట ఒక సంగతి స్పష్టం కావాలి. కూచిపూడి భాగవతుల మేళంలో నృత్యం వేరు, నటన వేరు, కవిత్వం వేరు అన్న విభజన లేదు. అక్కడ ఆటగాడు పాదం ఆడించేవాడే పాట ఎత్తుకొనేవాడు, సంవాదం నడిపేవాడు. సూత్రధారుడి సంగతి చెప్పనే అక్కరలేదు. తాళం ఆయన చేతిలో ఉంటుంది. కథను కలిపేది ఆయన. భామాకలాపంలో మాధవి వేషంతో సత్యభామను ఆటపట్టించే చోట, పుస్తకంలో లేని మాటను ఆ పూట ఆ ఊరి జనాన్ని బట్టి అప్పటికప్పుడు పుట్టించేది ఆయనే. ఆ మాటకు ప్రాస ఉంటుంది, చమత్కారం ఉంటుంది, కొన్నిసార్లు ఊరి పెద్దకు తగిలే దెబ్బ కూడా ఉంటుంది. దానిని కవిత్వం కాదని ఎవరనగలరు? ఈనాడు మనం నాలుగు కళలుగా లెక్కపెడుతున్నది ఆనాడు ఒకే మనిషి ఒకే రాత్రి చేసే ఒకే పని. ఆ మనిషికి బిరుదు లేదు, కూలి మాత్రం ఉంది.

ఈ మేళాలకు ఒక పాత ప్రతిష్ఠ కూడా ఉన్నది. సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ప్రజలను పీడించి సొమ్ము గుంజుతూ ఉంటే, ఆ దౌర్జన్యాన్ని భాగవతులు విజయనగర ప్రభువు ఎదుట కేళికగా ఆడి చూపించారనీ, గురవరాజుకు శిక్ష పడిందనీ మాచుపల్లి కైఫీయతు చెబుతున్నది. అంటే కూచిపూడివారి ఆట పుట్టుకతోనే కేవలం భక్తి ప్రచారం కాదు. లోకంలో జరిగే దాన్ని వేషంలో పెట్టి అధికారం ఎదుట నిలబెట్టగల సత్తా దానికి ఉండేది. తరువాతి కాలంలో ఆ సత్తా ఏమైంది? అగ్రహారాల మాన్యాలు, సంస్థానాల బహుమానాలు, పెద్ద భూస్వాముల ఇళ్ళలో పెళ్ళి పందిళ్ళు, వీటి మీద బతుకు నడవవలసి వచ్చిన కళ, గురవరాజులను తడమడం మానుకొన్నది. ఇది కూచిపూడి ఒక్కదాని దోషం కాదు. భూస్వామ్య వ్యవస్థ నీడన బతికిన ప్రతి కళకూ పట్టిన గతే.

రాఘవయ్య ఎదిగిన సంవత్సరాలు ఈ నీడ కూడా కరువైన సంవత్సరాలు. 1929 తరువాత ధాన్యం ధర పడిపోయి కృష్ణా డెల్టా రైతాంగం కుంగింది. భూస్వామి చేయి ముడుచుకొంటే మేళానికి పిలుపులు తగ్గుతాయి. మరొకవంక పద్యనాటకాల కంపెనీలు ఊళ్ళ మీద పడ్డాయి. మన బందరులోనే డి.వి. సుబ్బారావు గారి ఇండియన్ డ్రమెటిక్ కంపెనీ ప్రసిద్ధి పొందింది. దానికి నాటకాలు రాసిన పింగళి నాగేంద్రరావు తరువాత మద్రాసు చిత్రసీమకే పోయాడు. 1932 నుంచి తెలుగు టాకీ వచ్చింది. కూచిపూడి యువకులు ఒక్కొక్కరే మద్రాసు బండెక్కారు. రాఘవయ్య, వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి ఈ విధంగా పోయినవారే. ఇది కళాతృష్ణ మాత్రమే అనుకోవడం అమాయకత్వం. వృత్తి కూలిపోతున్నప్పుడు చేతిపని తెలిసినవాడు కర్మాగారానికి పోవడం వంటిది ఇది. సినిమా ఆ కర్మాగారమే. అందులో శ్రమ విభజన ఉంది. మేళంలో ఒక్కడు చేసిన పనిని అక్కడ పదిమంది చేస్తారు: పాట రాసేది ఒకరు, పాడేది మరొకరు, పెదవులు కదిపేది ఇంకొకరు, అడుగులు చెప్పేది వేరొకరు. కూచిపూడివానికి ఆ పదింటిలో ఒకటే దక్కింది, ‘నృత్య దర్శకుడు’ అన్న గది.

ఆ గదిలోకి రాఘవయ్య ప్రవేశించిన చిత్రం గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’, 1939. ఈ సందర్భాన్ని మన ప్రాంతపు పాఠకులు కొంచెం నిలబడి చూడాలి. జమీందారీ పీడనను ఎండగట్టి, జమీందారుల ఆగ్రహానికీ ఆంక్షలకూ గురైన చిత్రం అది. బళ్ళారి రాఘవ వంటి మహానటుడు అందులో వేషం వేశాడు. దానికి పెట్టుబడి పెట్టిన సారథి సంస్థ మాత్రం చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారిది. చల్లపల్లి జమీందారీలోనే దివిసీమ రైతులు, కూలీలు ఆ కాలంలో హక్కుల కోసం పోరాడుతున్నారు. చల్లపల్లికి కూతవేటు దూరంలోని కూచిపూడి కుర్రవాడు, జమీందారు సొమ్ముతో తీసిన జమీందారీ వ్యతిరేక చిత్రంలో, సంస్థానాల బహుమానాలతో పెరిగిన ఆటను తెర మీద పెట్టాడు! వైరుధ్యం అన్న మాటకు ఇంతకన్న చక్కని ఉదాహరణ మా తరగతి గదిలో నాకు ఎప్పుడూ దొరకలేదు. దీన్ని ఎత్తిచూపి నవ్వుకోవడం సులభం. కాని గురవరాజు కేళికను ఆడినవారి వారసుడు, నాలుగు శతాబ్దాల తరువాత తిరిగి పీడన కథ పక్కకు చేరాడన్నది కూడా అంతే నిజం. ఏ సొమ్ముతో చేరాడన్నది ఒక ప్రశ్న, ఏ కథ పక్కకు చేరాడన్నది వేరే ప్రశ్న. విమర్శకుడు రెండింటినీ అడగాలి.

తరువాతి పదేళ్ళను త్వరగా దాటవచ్చు. ‘గరుడ గర్వభంగం’ (1943) వంటి చిత్రాలలో తానే వేషం కట్టాడు. బి.ఎన్. రెడ్డి ‘స్వర్గసీమ’ (1945)లో వీధుల్లో ఆడి రంగస్థలం మీదికి ఎగబాకే సుబ్బి పాత్రకు, భానుమతి పాదాలకు, నడక నేర్పాడు. నటుడుగా ఆయన నిలవలేదు. నిలవకపోవడం తెలుగు సినిమాకు మేలే చేసింది. డి.ఎల్. నారాయణ, సముద్రాల రాఘవాచార్య, సి.ఆర్. సుబ్బరామన్‌లతో కలిసి వినోదా పిక్చర్స్‌లో భాగస్వామి అయి, 1951లో ‘స్త్రీసాహసం’తో దర్శకుడైనాడు. ఈ కూటమిని గమనించండి: ఒక నిర్మాత, ఒక కవి, ఒక సంగీతకారుడు, ఒక ఆటగాడు. కర్మాగారం విడగొట్టిన పనిని నలుగురు మనుషులు మళ్ళీ ఒకచోట చేర్చుకొన్నారు. ఇది మేళమే, పేరు మాత్రమే పిక్చర్స్. రాఘవయ్య ఉత్తమ కృషి ఈ మేళంలోనే జరగడం యాదృచ్ఛికం అని నేననుకోను.

ఇక ‘దేవదాసు’ (1953).

అభ్యుదయ విమర్శకులలో కొందరికి ఈ చిత్రమంటే చిరాకు. శరత్ బాబు నవల 1917 నాటిది. అందులోని నాయకుడు పోరాడడు, తాగుతాడు, చస్తాడు. ఇటువంటి పలాయనవాదాన్ని యువకులకు ఎందుకు చూపాలి అన్నది వారి ఆక్షేపణ. ఆక్షేపణలో బలం లేకపోలేదు. దేవదాసు గొంతుతో పాడుకొంటూ తిరిగిన తరం ఒకటి మన ఊళ్ళలో ఉండేది. ఈనాటికీ గిలకలదిండి రేవులో వేట నుంచి వచ్చిన పడవల మీద వలలు దులుపుకొంటూ సెల్‌ఫోనులో ఆ పాటలు వినేవారు కనబడతారు. వారంతా పలాయనవాదులేనా? అట్లా అనడం వారి శ్రమను చూడకుండా వారి పాటను మాత్రమే వినడం అవుతుంది. దేవదాసు బలహీనుడే. కాని ఆ బలహీనతకు మూలం ఏమిటో చిత్రం దాచిపెట్టలేదు. జమీందారు కొడుకు పొరుగింటి పిల్లను చేసుకోరాదన్నది తండ్రి ఆస్తి, అంతస్తు పలికిన మాట. ఆ ఆస్తి తిండి తిన్న కొడుకుకు దాన్ని ధిక్కరించే వెన్నెముక లేదు. పార్వతిని చివరకు కొనుక్కొన్నదీ మరొక జమీందారే, ఎదిగిన బిడ్డలున్నవాడు. దేవదాసు ఆ ఇంటి వాకిట చనిపోతూ ఉంటే ఆమె కదిలిన క్షణాన తలుపులు మూసుకొంటాయి. ఇది ప్రేమ కథా? జమీందారీ గడపలో ఆడమనిషి బతుకు కథా?

ఈ వస్తువును ఆటగాడైన దర్శకుడు ఎట్లా పట్టుకొన్నాడన్నది నాకు ముఖ్యం. నర్తకుడు చిత్రం తీస్తే ఆటలతో నింపుతాడని ఎవరైనా అనుకొంటారు. ఇందులో నాయకుడు కదలనే కదలడు. కూర్చుంటాడు, వాలుతాడు, చూస్తాడు. కూచిపూడిలో ఆహార్యం, నాట్యం, జతులు అన్నీ తీసివేస్తే చివరకు మిగిలేది సాత్త్వికాభినయం: కన్ను, కనుబొమ, శ్వాస. రాఘవయ్య తన విద్యలో అన్నింటినీ వదులుకొని ఈ ఒక్కదాన్ని ఉంచుకొన్నాడు. తాగుబోతు సన్నివేశాలను రాత్రిపూట తీశారనీ, నిద్రతో రెప్పలు బరువెక్కడం పాత్రకు కలిసివచ్చిందనీ అక్కినేని నాగేశ్వరరావు చెప్పుకొన్న ముచ్చట ప్రసిద్ధమే. చాలామంది దాన్ని చిట్కాగా చెప్పుకొంటారు. దృష్టిభేదాలను చిన్ననాటి నుంచి సాధన చేసినవానికి అది చిట్కా కాదు. చూపు బరువు ఎంత ఉంటే ఏ భావం పలుకుతుందో తూచి చూడడం అతని వృత్తి. అక్కినేని కూడా నాటకాలలో ఆడవేషాలు కట్టి పైకి వచ్చిన గుడివాడ ప్రాంతపు కుర్రవాడే. చూపును వేషంగా మార్చుకోవడం ఆయనకూ కొత్త కాదు. దర్శకుడూ నటుడూ ఒకే బడిలో చదువుకొన్నవారి వలె అర్థం చేసుకొన్నారు.

ఇంకొక సంగతి నాకు దీనికన్నా పెద్దదిగా తోస్తుంది. అది చంద్రముఖి.

కూచిపూడి మేళంలో స్త్రీకి చోటు లేదు. సత్యభామ తెర మీదుగా జడ విసిరి, తనను విద్యలో ఓడించగలవారెవరని సభను సవాలు చేసినా, ఆ జడ మగవాని తల మీదిదే. గొల్లకలాపంలో గొల్లభామ బ్రాహ్మణుణ్ణి తర్కంలో నిలదీసినా, ఆమె చీర కట్టుకొన్నది బ్రాహ్మణ పురుషుడే. అదే డెల్టాలో, అదే భాషలో, పదాలనూ జావళీలనూ తరతరాలుగా కాపాడినవారు కలావంతులు. మొవ్వ గోపాలుని ముద్రతో క్షేత్రయ్య రాసిన పదాలు కూచిపూడి పొరుగున పుట్టినవే. అవి ఎక్కువగా బతికింది మాత్రం కలావంతుల గొంతులో, వారి చేతి వేళ్ళలో. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించింది. సంస్కరణ అవసరమైనదే. దురాచారం పోవలసిందే. కాని దురాచారంతో పాటు ఆ స్త్రీల విద్యను కూడా లోకం వెలివేసింది. వారి పదం గౌరవనీయమైన వేదిక ఎక్కింది, వారు మాత్రం ఎక్కలేదు.

ఆ నిషేధం వచ్చిన ఆరేళ్ళకు, కూచిపూడి భాగవతుల ఇంటి బిడ్డ తీసిన చిత్రంలో వేశ్య అయిన చంద్రముఖి క్షేత్రయ్య పదానికి అభినయిస్తుంది. పాడినది రావు బాలసరస్వతీదేవి, అభినయించినది లలిత. మొవ్వ పదం, కూచిపూడి దర్శకుడు, కలావంతుల విద్య, మూడూ ఒక చట్రంలోకి వచ్చాయి. ఆ సన్నివేశాన్ని ఆయన విలాసంగా తీయలేదు. జమీందారీ సొమ్ముతో వచ్చి, చూడడానికి కూడా ఇష్టపడక ముఖం తిప్పుకొనే మగవాని ఎదుట, తన విద్య తప్ప మరేమీ లేని స్త్రీ ఆ విద్యతోనే మాట్లాడుతుంది. చిత్రంలో తన జీవితాన్ని మార్చుకోగల శక్తి ఉన్నది ఒక్క చంద్రముఖికే అన్న విషయం మన విమర్శకులు ఎందుకు చూడలేదో నాకు తెలియదు. దేవదాసు మారలేడు, పార్వతిని మారనివ్వరు. చంద్రముఖి మారుతుంది. పలాయనవాదం అన్న ముద్ర నాయకుడికి వేసి ఊరుకొన్నవారు, నాయికను లెక్కలోకి తీసుకోలేదన్నమాట.

ఒకసారి ఇది కంటబడిన తరువాత రాఘవయ్య కృషి అంతా వేరుగా కనబడుతుంది. నృత్య దర్శకుడుగా ‘స్వర్గసీమ’లో వీధి ఆటకత్తె సుబ్బి. దర్శకుడుగా చంద్రముఖి. ‘అనార్కలి’ (1955)లో గోడలో సమాధి అయ్యే నర్తకి. ‘సువర్ణసుందరి’ (1957)లో భూలోకానికి ఆడడానికి వచ్చి ఇంద్రశాపానికి గురయ్యే అచ్చర. తన ఊరి రంగస్థలం మీద అడుగుపెట్టనివ్వని ఆడుదాని చుట్టూనే ఈ మనిషి చిత్రాలు మాటిమాటికీ తిరుగుతాయి. ఆమె ఆడుతుంది, ఆడినందుకు శిక్ష పొందుతుంది. ఇది ఆయన తెలిసి చేశాడని రుజువు చేయలేను. చేయవలసిన అవసరమూ లేదు. కళాకారుని మనస్సులో తెలియకుండా పనిచేసేదాన్ని కూడా సమాజమే పెడుతుంది.

అయితే ఈ చిత్రాలన్నీ ఒక స్థాయివి కావు. ‘అనార్కలి’లో నర్తకి ప్రభుత్వాన్ని ఎదిరించి ప్రాణం ఇస్తుంది గనుక ఆటకు పదును ఉంది. ‘సువర్ణసుందరి’ మహా జనాదరణ పొందింది. ఆదినారాయణరావు కట్టిన రాగమాలిక ఒక్కటి చాలు, ఆ చిత్రం పదికాలాలు నిలవడానికి. హిందీలో కూడా రాఘవయ్యే తీశాడు. కాని అందులో నృత్యం తిరిగి అలంకారమైంది. శాపం ఇచ్చిన ఇంద్రుణ్ణి ఎవరూ ప్రశ్నించరు. దేవలోకంలోనూ ఆటకత్తె బతుకు ప్రభువు దయ మీదే ఆధారపడి ఉన్నదన్న సత్యం కథలో ఉండికూడా, చిత్రానికి తట్టలేదు. విజయనగర దర్బారులో ఆడినట్లు ఇంద్రుని దర్బారులో ఆడి ఉంటే! కాని జానపద చిత్రాల వ్యాపారం ఆ సందు ఇవ్వదు. ‘బాలనాగమ్మ’ (1959) నాటికి మాయలు, మంత్రాలు, సెట్టింగులు ఆటగాణ్ణి దాదాపు మింగేశాయి. ఈ దశను గొప్పగా చెప్పేవారితో నేను ఏకీభవించలేను.

ఈ వ్యాపార దశకు ముందు వచ్చిన ఒక చిత్రాన్ని, దాని వస్తువు మామూలుదైనా, మన ప్రాంతం వారు మరచిపోరాదు. ‘చిరంజీవులు’, 1956. దర్శకుడు కూచిపూడివాడు. మాటలు, పాటలు బందరు బిడ్డ మల్లాది రామకృష్ణశాస్త్రివి. సంగీతం గుడివాడ దగ్గర చౌటపల్లి వాడైన ఘంటసాలది. నాయకుడు నిమ్మకూరు రామారావు. గట్టిగా ఒక పూట సైకిలు తొక్కితే తిరిగిరాగల మేరలో పుట్టిన నలుగురు మద్రాసులో కూడి తీసిన చిత్రం! అందులో నాయకుడు అంధుడు. అభినయానికి కన్నే ప్రాణమని నేర్చినవాడు, కన్ను తీసివేసిన నటునితో పనిచేశాడు. చూపు లేని చోట రామారావు తల వంపుతో, చేతి తడుములాటతో పాత్రను నడుపుతాడు. ‘దేవదాసు’లో శరీరం తగ్గించి చూపు మిగిల్చాడు, ఇక్కడ చూపు తగ్గించి శరీరం మిగిల్చాడు. కథ మామూలు కన్నీటి కథే. అందులో వాదించుకోవలసినదేమీ లేదు.

రాఘవయ్య కవి కాడు. కాని కవిత్వం ఆటలో ఎక్కడ కూర్చుంటుందో తెలిసినవాడు. అందుకు చివరి సాక్ష్యం ‘రహస్యం’ (1967). భారీగా తీశారు, భారీగానే దెబ్బతిన్నది. జానపదాల కాలం పోతున్నప్పుడు వచ్చిన జానపదం అది. ఆ శిథిలాల మధ్య ‘గిరిజా కల్యాణం’ అనే చిన్న యక్షగానం ఉన్నది. రాసినది మల్లాది. చిత్రం వచ్చేనాటికి, 1965లోనే, ఆయన కన్నుమూశాడు. స్వరపరచినది ఘంటసాల. అందులో సూత్రధారుడున్నాడు, పరాకు చెప్పడమున్నది, దరువున్నది, సంవాదమున్నది. కథ చెప్పేవాడు కథలోకి పోతాడు, మళ్ళీ వెలుపలికి వస్తాడు. ముప్పై ఏళ్ళుగా సినిమా ముక్కలు చేసిన పనులన్నీ ఆ కొద్ది నిమిషాలసేపు ఒకే మేళమై నడుస్తాయి. చిత్రం చూడనివారు కూడా ఆ భాగాన్ని విన్నారు, వింటున్నారు. అందులో పార్వతిగా ఆడినది స్త్రీ. కూచిపూడి వీధిలో రాఘవయ్య చిన్ననాడు చూసిన కల్యాణాలలో పార్వతికి మీసం గొరిగిన ముఖం ఉండేది.

ఇదే కాలంలో వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో అకాడెమీ పెట్టి ఆడపిల్లలకు విద్య నేర్పుతున్నాడు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ జడను తన తల మీదే నిలుపుకొని పాత రంగస్థలానికి చివరి వెలుగు ఇస్తున్నాడు. వీరిద్దరిమీద వ్యాసాలు, గ్రంథాలు వచ్చాయి, సన్మానాలు జరిగాయి. రాఘవయ్య సినిమాకు పోయాడు గనుక నాట్య చరిత్రకారులు ఆయనను వదిలారు. నాట్యం నుంచి వచ్చాడు గనుక సినిమా చరిత్రకారులు ఆ నాట్యాన్ని ఒక వాక్యంలో ముగించారు. క్షేత్రయ్య పదాన్ని చంద్రముఖికి అప్పగించిన ఆ సన్నివేశం రెండు చరిత్రలలోనూ చోటు లేక మధ్య గట్టు మీద నిలబడి ఉన్నది.